గినీ పిగ్ ఆగకుండా గోక్కుంటోంది, వీపు మీద బొచ్చు పోతోంది: కుక్క మందు వేయొచ్చా?

చిత్తూరు నుంచి ఒకమ్మ అడిగారు. పాప పుట్టినరోజుకి రెండు గినీ పిగ్స్ కొన్నారట, రెండు నెలలైంది. ఒకటి పది రోజులుగా ఆగకుండా గోక్కుంటోంది, వీపు మీద బొచ్చు ఊడి చుండ్రులాగా పొట్టు రాలుతోంది, రెండోది మాత్రం బాగానే ఉంది. షాపాయన కుక్కలకు వేసే పిడుదుల మందు ఒక చుక్క వేయమన్నాడు, పక్కింటాయన ఐవర్‌మెక్టిన్ మాత్ర ఒక ముక్క తుంచి పెట్టమన్నాడు. ఏది చెయ్యాలి, పనిలో పనిగా నులిపురుగుల మందు కూడా పట్టించేయమంటారా అని ప్రశ్న.

రెండూ వద్దమ్మా. మీరు రాసినదాన్నిబట్టి ఇది గజ్జి పురుగే అయ్యుండాలి. దానికి మందు ఐవర్‌మెక్టినే, మీ పక్కింటాయన పేరు కరెక్టుగానే చెప్పాడు, కానీ మాత్ర తుంచి పెట్టే పద్ధతి ప్రాణం మీదికి తెస్తుంది. తూకం వేయించి, పశువుల డాక్టర్ చేత, వారం పది రోజుల ఎడంతో మామూలుగా మూడు డోసులు, అదీ రెండింటికీ. మొదటి డోసు వేసిన రోజే బోను మొత్తం కడగాలి. నులిపురుగుల మందు ఇప్పుడు అక్కర్లేదు, ఎందుకో కింద రాస్తాను.

నేను తిరుపతిలో పశువైద్యం చేస్తాను. రోజంతా ఆవులు, గొర్రెలు, కుక్కలే. పదేళ్ళ కిందట గినీ పిగ్ అంటే నాకు కాలేజీ ల్యాబులో చూసిన జంతువు, అంతే. ఇప్పుడు వారానికి ఒకటో రెండో వస్తున్నాయి, అందులో ఎక్కువ శాతం చర్మం కేసులే. కాబట్టి పుస్తకంలో ఉన్నదీ, నా చేతుల మీదుగా నేర్చుకున్నదీ కలిపి చెప్తాను.

ముందు ఆ పురుగేంటో చూద్దాం. దాని పేరు ట్రిక్సాకారస్ కేవియే. కంటికి కనబడదు. చర్మం లోపలికి సొరంగం తవ్వుకుని అక్కడే గుడ్లు పెడుతుంది, మనుషులకొచ్చే గజ్జి పురుగుకి దాయాది లాంటిది. దురద మామూలుగా ఉండదు. వీపు, భుజాలు, తొడల లోపలి వైపు మొదలవుతుంది. బొచ్చు ఊడి, చర్మం మందంగా అయ్యి, పసుపుపచ్చటి చెక్కులు కడతాయి. గోక్కుని గోక్కుని పుండ్లు చేసుకుంటుంది. ముదిరితే దురద తట్టుకోలేక ఫిట్స్ కూడా వస్తాయి.

ఇది నమ్మని వాళ్ళ కోసం ఒక కేసు చెప్తాను. ఒకరోజు సాయంత్రం పూట తండ్రీ కొడుకూ అట్టపెట్టెలో ఒక గినీ పిగ్‌ని తెచ్చారు. "సార్, దీనికి మూర్ఛ వచ్చినట్టుండాది, కాళ్ళు కొట్టుకుంటాది, చచ్చిపోతాదేమో" అన్నాడు తండ్రి. పిల్లాడు ఏడుస్తున్నాడు. తలకు దెబ్బ తగిలిందేమో, ఎండ దెబ్బేమో అని వాళ్ళ అనుమానం. బల్ల మీద పెట్టి వీపు మీద వేలు ఆనించానో లేదో, వెనక్కి విరుచుకుపడిపోయి నాలుగు కాళ్ళూ తన్నుకోవడం మొదలుపెట్టింది. ఒక అర నిమిషం. ఆగాక చూస్తే భుజాల మధ్య బొచ్చన్నదే లేదు, చర్మం ఏనుగు తోలులా మడతలు పడి ఉంది. మెదడు జబ్బు కాదు, గజ్జే. నెల నుంచి గోక్కుంటోందట, కొబ్బరినూనె రాస్తూ వచ్చారు.

అలాంటప్పుడు చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. లైటు ఆపి, అట్టపెట్టె మీద తువ్వాలు కప్పి, ఎవరూ ముట్టుకోకుండా వదిలేయాలి. ముట్టుకుంటే చాలు, మళ్ళీ వస్తుంది. ఫిట్స్ తగ్గడానికి డయజెపామ్ ఇచ్చి, తూకం చూసి మొదటి డోసు వేసి పంపాను. రెండో డోసుకి వచ్చేసరికి గోకడం బాగా తగ్గింది. మూడో డోసుకి వీపు మీద బూడిద రంగులో నూగు మొలిచింది, పిల్లాడు దాన్నే చూపిస్తూ కూర్చున్నాడు. మీదింకా ఆ స్థితికి రాలేదు కాబట్టి టెన్షన్ పడకండి, అలాగని ఇంకో పది రోజులు చూద్దాంలే అని కూడా అనకండి.

ఇప్పుడు మాత్ర సంగతి. లెక్క మీరే వేసుకోండి. మనుషుల ఐవర్‌మెక్టిన్ మాత్ర సాధారణంగా 12 మిల్లీగ్రాములది. గినీ పిగ్‌కి మేం వాడేది కిలో బరువుకి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు. మీది ఒక 600 గ్రాములుంటుందనుకుందాం. పై డోసే తీసుకున్నా దానికి కావలసింది 0.24 మిల్లీగ్రాములు. అంటే ఆ మాత్రని సమానంగా 50 ముక్కలు చేసి అందులో ఒక్కటి పెట్టాలి. "ఒక ముక్క తుంచి" అన్నప్పుడు మన వేళ్ళకు ఎంత వస్తుందో మీకు తెలుసు కదా, పావో సగమో. పది రెట్లు దాటిపోతుంది.

ఇంజెక్షన్ మందుతో కూడా ఇదే గొడవ. పశువుల ఐవర్‌మెక్టిన్ ఒక శాతం మందు, అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. అదే 600 గ్రాముల జంతువుకి 0.024 మిల్లీలీటరు. అర చుక్క. దాన్ని ఇన్సులిన్ సిరంజిలో తీయాలి, అక్కడ ఇంకో గుంట ఉంది: ఎర్ర మూత సిరంజిలో మిల్లీలీటరుకి 40 గీతలు, నారింజ మూతదాంట్లో 100 గీతలు. నారింజదాంట్లో రెండున్నర గీతల లోపు తీయాల్సిన మందుని ఎవరో చెప్పారని ఎర్రదాంట్లో అన్నే గీతలు తీస్తే రెండున్నర రెట్లు పడుతుంది. నేనైతే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో పలుచన చేసుకుని, కొలవడానికి వీలైనంత పరిమాణం చేసుకుని వేస్తాను. ఇంట్లో చేసుకునే పని కాదని ఇందుకే అంటున్నా, మీ మీద నమ్మకం లేక కాదు.

నేను కూడా తప్పు చేశాను, దాచడమెందుకు. మొదట్లో ఒకటొచ్చింది, బొచ్చుగా బొద్దుగా కనిపించింది, కాటా పక్క గదిలో ఉంది, "కిలో ఉంటుందిలే" అని కంటితో అంచనా వేసి డోసు లాగేశాను. వాళ్ళు ఇంటికెళ్ళి తూస్తే 450 గ్రాములు. బొచ్చు పొడవు రకం, లోపల జంతువే లేదు. రాత్రికి మత్తుగా పడుకుంది, గడ్డి ముట్టలేదు అని ఫోన్. గడ్డిని నానబెట్టి రుబ్బి సిరంజితో మూడు గంటలకొకసారి పట్టించమని చెప్పి, తెల్లవార్లూ ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకున్నాను. బతికింది, నా అదృష్టం. ఆ రోజు నుంచి కాటా బల్ల మీదే ఉంటుంది.

మీరూ ఇంట్లో తూచుకోవచ్చు, వంటింటి డిజిటల్ కాటా చాలు. లోతైన గిన్నె పెట్టి సున్నా చేసి, అందులో రెండు కొత్తిమీర కాడలు వేసి దాన్ని కూర్చోబెట్టండి, తింటూ కదలకుండా ఉంటుంది. వారానికోసారి రాసుకోండి. గినీ పిగ్ జబ్బుని దాచే జంతువు, మనకి కనిపించకముందే కాటాకి కనిపిస్తుంది.

షాపాయన చెప్పిన కుక్క చుక్కల గురించి. అన్ని చుక్కల మందులూ విషం కావు. సెలమెక్టిన్ అని ఒకటుంది, మెడ వెనక చర్మం మీద వేసేది, గినీ పిగ్స్‌కి డాక్టర్లు వాడతారు, రెండు నుంచి నాలుగు వారాలకు మళ్ళీ వేస్తారు, సూది అక్కర్లేదు కాబట్టి ఫిట్స్ వచ్చేవాటికి సులువు కూడా. కానీ పిడుదుల మందు అని షాపులో చేతిలో పెట్టేది చాలాసార్లు ఫిప్రోనిల్, పెర్మెత్రిన్, లేకపోతే నీళ్ళలో కలిపి పోసే అమిట్రాజ్. ఇవి దీనికి వద్దు. పైగా ఆ ట్యూబులో ఉండేది పది ఇరవై కిలోల కుక్కకి సరిపడా. ఇది పిల్లి లాగే ఒళ్ళు నాక్కునే జంతువు, ఒకదాన్నొకటి కూడా నాక్కుంటాయి. పిడుదుల మందు నీళ్ళలో ముంచి తీసిన ఒకదాన్ని నా దగ్గరికి తెచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయి ఉంది, ఏమీ చేయలేకపోయాను. దానికున్నది గజ్జి కూడా కాదు, మామూలు పేలు.

ఆ మాటొచ్చింది కాబట్టి పేల సంగతి. గినీ పిగ్ పేలు కంటికి కనిపిస్తాయి, సన్నగా తెల్లగా నువ్వు గింజలో సగం ఉండి వెంట్రుకల మధ్య పరిగెడతాయి, చెవుల వెనక ఎక్కువ. వెంట్రుకకి అతుక్కుని ఈపులు కూడా ఉంటాయి. నల్ల కాగితం మీద నిలబెట్టి బొచ్చు ఎదురు దువ్వితే రాలి కదులుతాయి. ఇవి మన తలకి ఎక్కవు, పాప తలలో పేలకీ వీటికీ సంబంధం లేదు. ఇంకో రకం సన్న పురుగు బొచ్చుని పట్టుకుని నడుము వెనక వైపు వేలాడుతుంది, చాలావాటికి దానివల్ల దురద కూడా ఉండదు. వీటన్నిటికీ కూడా ఐవర్‌మెక్టినో సెలమెక్టినో పనిచేస్తుంది, గజ్జి అంత ప్రమాదం లేదు.

డాక్టర్ బ్లేడుతో చర్మం గీరి మైక్రోస్కోప్ కింద చూస్తారు. చూసినా కొన్నిసార్లు ఏమీ దొరకదు, ఎందుకంటే పురుగు లోతుగా ఉంటుంది. దొరకలేదంటే లేదని కాదు. లక్షణాలు సరిగ్గా అలాగే ఉంటే నేను మందు మొదలుపెట్టేస్తాను, రెండో డోసుకి గోకడం తగ్గిందా లేదా అన్నదే నాకు పరీక్ష.

తగ్గకపోతే? అప్పుడు ఆలోచన మార్చాలి. బొచ్చు రాలిన ప్రతిదీ గజ్జి కాదు.

తామర ఉంటుంది. మనకి కార్తీకంలో ముసురు పట్టి బోను ఆరకుండా ఉన్న రోజుల్లో ఎక్కువ చూస్తాను. ముక్కు, కళ్ళ చుట్టూ, చెవుల మీద మొదలవుతుంది, గుండ్రంగా పొట్టు లేస్తుంది, గజ్జి అంత దురద ఉండదు. ఇది మన పిల్లలకి తొందరగా అంటుకుంటుంది. దీనికి ఐవర్‌మెక్టిన్ ఎన్ని డోసులు వేసినా లాభం లేదు, ఫంగస్ మందు కావాలి. మెడికల్ షాపులో ఇచ్చే మూడు నాలుగు మందులు కలిసిన ట్యూబులు మాత్రం రాయకండి, వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, రెండు రోజులు ఎరుపు తగ్గినట్టు కనిపించి తర్వాత ఒళ్ళంతా పాకుతుంది.

వయసున్న ఆడవాటికి రెండు పక్కలా డొక్కల మీద సమానంగా బొచ్చు పోతుంది, అసలు గోక్కోదు. అది అండాశయంలో నీటి బుడగలు. ఒక రేణిగుంట కుటుంబం మూడేళ్ళ ఆడదానికి ఎక్కడో మూడు సూదులు వేయించి, తగ్గలేదని నా దగ్గరికొచ్చారు. పొట్ట మీద చేయి వేస్తే నిమ్మకాయంత గడ్డ తగిలింది. స్కానింగ్‌లో బయటపడింది.

ఇక విటమిన్ సి. గినీ పిగ్ మనలాగే ఈ విటమిన్‌ని ఒంట్లో తయారు చేసుకోలేదు. కుందేలుకిచ్చే దాణా వేసి సరిపెట్టే ఇళ్ళలో చర్మం పొడిబారి, పుండ్లు మానక, కీళ్ళు నొప్పి పట్టి నడవదు. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, జబ్బులో ఇంకా ఎక్కువ. నీళ్ళలో చుక్కలు కలిపితే వెలుతురుకి సత్తువ పోతుంది, ఎంత తాగిందో కూడా తెలీదు. క్యాప్సికం ముక్క, కొత్తిమీర, గింజ తీసిన జామకాయ చిన్న ముక్క, ఇవి చాలు. మందు వేస్తున్నాం కదా అని ఇది మానకండి, ఇది లేకపోతే మందు వేసిన తర్వాత కూడా చర్మం తేరుకోదు.

బోను సంగతికి వస్తే, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఐవర్‌మెక్టిన్ పురుగుని చంపుతుంది కానీ గుడ్డుని చంపదు. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి దాదాపు రెండు వారాలు. అందుకే ఒక డోసుతో "తగ్గిపోయింది" అని ఆపేస్తే నెలకల్లా మళ్ళీ మొదలు. మొదట్లో నేను కూడా గోక్కునేదానికే వేసి పంపేవాణ్ణి, బాగున్నవి ఆ పురుగుని మోస్తూ ఉంటాయని అప్పట్లో పట్టించుకోలేదు. మీ రెండోది బాగానే ఉందన్నారు కదా, అది కూడా మోస్తూనే ఉంటుంది. అసలు షాపు నుంచే వచ్చుంటుంది ఈ పురుగు, కొత్త చోటు భయానికి, తిండి మార్పుకి ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు పైకి తేలుతుంది.

డోసు వేసిన ప్రతిసారీ కింద పరిచిన ఊక, గడ్డి, కాగితాలు మొత్తం తీసి సంచిలో మూట కట్టి పారేయండి. తొట్టి వేడి నీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి. మన ఎండ ఈ పనికి దేవుడిచ్చిన వరం. కానీ జంతువుని ఎండలో పెట్టకండి, పురుగు చస్తుందని మేడ మీద వదిలేసిన వాళ్ళున్నారు. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మన మే నెల దాన్ని గంటలో చంపేస్తుంది. చెక్క గూడు ఉంటే ఈ నెల రోజులు తీసేసి అట్టపెట్టె వాడండి, మురికి కాగానే పారేయొచ్చు.

వేపనూనె, పసుపు గురించి ఎవరో ఒకరు రాస్తారు కాబట్టి ముందే చెప్తున్నా. చర్మం లోపల ఉన్న పురుగుకి పైన రాసే నూనె చేరదు. జిడ్డుకి చెక్కులు మెత్తబడి బాగున్నట్టు అనిపిస్తుంది, ఆ పది రోజులు పురుగుకి కలిసొస్తాయి. కర్పూరం కలిపిన నూనె అసలు వద్దు, నాకితే ఫిట్స్ తెప్పించే సరుకది.

గోక్కుని పుండ్లు పడితే యాంటీబయాటిక్ కావాల్సి రావచ్చు. ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, డాక్టర్‌కి కూడా గుర్తుచేయండి, కుక్కల అలవాటులో చేయి అటు పోతుంది: అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు గినీ పిగ్‌కి ఇవ్వకూడదు. పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి, విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతుంది. ఎన్రోఫ్లాక్సాసిన్, సల్ఫా ట్రైమెథోప్రిమ్ లాంటివి వాడొచ్చు.

వానల్లో ఇంకో ప్రమాదం, పుండు మీదో తడిసిన పిరుదుల దగ్గరో ఈగ గుడ్లు పెట్టి పురుగులు పడటం. రోజూ సాయంత్రం తిరగేసి వెనక భాగం చూడండి. తెల్ల పురుగు ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగొద్దు, ఆ రాత్రే తీసుకెళ్ళాలి.

ఇప్పుడు నులిపురుగుల మందు. కుక్కకి మూడు నెలలకోసారి వేసినట్టు దీనికి వేయాల్సిన పని లేదు. ఇంట్లో పెరిగేవాటిలో పేగు పురుగులు తక్కువ. నాలుగు తాజా పెంటికలు చిన్న డబ్బాలో వేసి తెస్తే పరీక్ష చేస్తాం, గుడ్లు కనిపిస్తే ఫెన్‌బెండజోల్ ఐదు రోజులు. గినీ పిగ్ కూనలకి నీళ్ళ విరేచనాలైతే కాక్సిడియా అనే వేరే జీవి కావచ్చు, దానికి మందే వేరు. ఇంకో మాట, అది తన పెంటికలు తనే తింటోందని కడుపులో పురుగులున్నాయని అనుకునేవాళ్ళు చాలామంది. అది దాని సహజ లక్షణం, మెత్తటివి మళ్ళీ తిని అందులో మిగిలిన పోషకాలు తీసుకుంటుంది. ఆపకండి.

షాపులో రెండూ ఆడవే అన్నారని రాశారు. ఆ మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు, తీసుకెళ్ళినప్పుడు అది కూడా చూపించండి. చూలుతో ఉంటే గజ్జి ఇంకా ముదురుతుంది, మందు ఎంపిక, పట్టుకునే తీరు అన్నీ మారతాయి. కడుపు మోసేది 59 నుంచి 72 రోజులు, మీరు కొని రెండు నెలలైందంటున్నారు కాబట్టి లెక్క మీకే అర్థమవుతుంది.

చిత్తూరులో గినీ పిగ్స్ చూసే డాక్టర్ దొరక్కపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకురండి, అక్కడ చర్మం గీరి చూసే సౌకర్యం ఉంది. పొద్దున్న మొదటి బస్సుకి బయల్దేరండి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో రెండింటినీ కలిపే పెట్టండి, విడదీస్తే భయపడతాయి. గడ్డి, ఒక దోసకాయ ముక్క లోపల వేయండి. ఖాళీ కడుపుతో తేవాల్సిన పని లేదు, పైగా ఇది తిండి మానితే మందు కంటే అదే ముందు చంపుతుంది.

ఆఖర్న, మీ పాప చేతుల మీద, పొట్ట మీద చిన్న ఎర్ర పొక్కులేమైనా లేచాయేమో చూడండి. ఈ గజ్జి పురుగు మన ఒంట్లో కాపురం పెట్టలేదు కానీ ఎత్తుకున్నచోట కొన్నాళ్ళు దురద పెడుతుంది, జంతువుకి తగ్గాక దానంతటదే పోతుంది. పొక్కులుంటే చర్మం డాక్టర్‌కి చూపించి, ఇంట్లో గినీ పిగ్ ఉందని, దానికి గజ్జి ఉందని చెప్పండి, లేకపోతే ఆయన చీమలు కుట్టాయేమో అనుకుని పంపేస్తారు. రెండో డోసు అయ్యేవరకు పాపని ఒళ్ళో పెట్టుకోనివ్వకండి. కొత్తిమీర కాడ బయటి నుంచి అందించమనండి, అదెలాగూ పరిగెత్తుకొస్తుంది.